బైక్ హెడ్‌లైట్ వెలుతురు చాలడం లేదా? బల్బు మార్చే ముందు చూడవలసినవి

వరి కోతలయ్యాక మన పల్లె రోడ్ల మీద సగం మేర వడ్లు ఆరబోసి, అంచు వెంట రాళ్లు పేర్చి, రాత్రికి పట్టా కప్పి ఉంచుతారు. వెనుక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలు, రోడ్డు మధ్యలో పడుకున్న గేదెలు సరేసరి. ఇవేవీ హెడ్‌లైట్ వెలుతురులోకి వచ్చేదాకా కనిపించవు గనుక, ఆ వెలుతురు ఎంత దూరం పడుతోందన్నది ప్రాణంతో ముడిపడిన విషయం. వెలుతురు చాలదనిపించగానే చాలామంది నేరుగా పెద్ద బల్బు కొంటారు. కానీ హాలోజన్ బల్బున్న బైకుల్లో లోపం తరచుగా బల్బులో కాక, దానికి కరెంటు తెచ్చే తీగల్లోనో, ఫోకస్‌లోనో, రిఫ్లెక్టర్‌లోనో ఉంటుంది.

సమస్య: లైటు పసుపుపచ్చగా, నీరసంగా వెలుగుతోంది

బ్యాటరీ దగ్గర ఉన్న వోల్టేజీ బల్బు దాకా చేరకపోవడమే దీనికి మొదటి కారణం. హ్యాండిల్ స్విచ్ లోపలి అరిగిన పాయింట్లు, తుప్పు పట్టిన కనెక్టర్లు, ఫ్రేముకు సరిగా తగలని ఎర్త్, కంపెనీ వేసిన సన్నని వైర్లు తలా కొంత వోల్టేజీని తినేస్తాయి. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. బ్యాటరీ వద్ద 13.5 వోల్టులుండి బల్బు వద్ద 12 మాత్రమే ఉంటే, దాదాపు మూడో వంతు వెలుగు దారిలోనే పోయినట్టు లెక్క.

దీన్ని మల్టీమీటరుతో తేల్చుకోవచ్చు. బైకును ఆరుబయట నిలిపి, ఇంజిన్ నడుపుతూ, లైటు వేసి, హోల్డర్ బల్బుకు తగిలించి ఉండగానే వెనుక వైపు నుంచి మీటరు పిన్నులను లోపలికి ఆనించి కొలవాలి. హోల్డర్ ఊడదీసి కొలిస్తే కరెంటు ప్రవహించదు కాబట్టి, వైరింగ్ ఎంత పాడైనా మీటరు పూర్తి వోల్టేజీనే చూపించి మోసం చేస్తుంది. తరువాత మీటరు ఒక పిన్నును బ్యాటరీ పాజిటివ్‌కు, రెండోదాన్ని హోల్డర్‌లోని పాజిటివ్‌కు ఆనిస్తే ఆ వైపు ఎంత పోతోందో నేరుగా తెలుస్తుంది. ఎర్త్ వైపు కూడా ఇలాగే చూడాలి. రెండూ కలిపి అర వోల్టు దాటితే వైరింగ్ బాగు చేయక తప్పదు.

కనెక్టర్లు, ఎర్త్ శుభ్రం చేశాక కూడా తేడా మిగిలితే రిలే (హ్యాండిల్ స్విచ్ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటుతో పని చేసి, బ్యాటరీ కరెంటును నేరుగా బల్బుకు పంపే స్విచ్) వేయించాలి. రిలేలోని 30వ పిన్నుకు బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా మందపాటి వైరు, 87 నుంచి బల్బుకు మరొకటి, 86కు పాత హెడ్‌లైట్ వైరు, 85కు ఎర్త్ ఇస్తారు. లో బీముకు ఒకటి, హై బీముకు ఒకటి చొప్పున రెండు రిలేలు కావాలి. ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి, లేదంటే మధ్యలో వైరు ఒరుసుకుని షార్టయినప్పుడు అది కాపాడలేదు. నా అభిప్రాయంలో హాలోజన్ బైకుకు ఖర్చు పెట్టదగిన మొట్టమొదటి మార్పు ఇదే. అదే బల్బుతో వెలుతురు తెల్లబడటం కంటికే తెలుస్తుంది.

సమస్య: ఐడిల్‌లో వెలుతురు తగ్గి, ఎక్సలేటర్ ఇస్తే పెరుగుతోంది

పాత కమ్యూటర్ బైకులు చాలావాటిలో హెడ్‌లైట్‌కు కరెంటు బ్యాటరీ నుంచి కాక నేరుగా మాగ్నెటో (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే భాగం) నుంచి ఏసీగా వస్తుంది. ఇది లోపం కాదు, ఆ బైకు తయారీయే అంత. దానికి మామూలు ఎల్‌ఈడీ బల్బు వేస్తే మినుకుమినుకుమంటుంది. హెడ్‌లైట్ సరఫరాను బ్యాటరీ ఇచ్చే డీసీకి మార్చాలంటే మాగ్నెటో కాయిల్ ఎర్త్ విడదీసి, ఏసీని డీసీగా మార్చి వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ రెక్టిఫైయర్‌ను మార్చాలి. అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియనే చేయవలసిన పని ఇది.

సమస్య: చక్రం ముందు బాగానే ఉంది, దూరం కనిపించడం లేదు

ఇక్కడ ఫోకస్ కిందికి దిగి ఉంటుంది. సమతలంగా ఉన్న చోట గోడకు 5 మీటర్ల దూరంలో బైకు నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, రోజూ నడిపే మనిషే కూర్చుని లో బీము వేయాలి. హెడ్‌లైట్ మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో గోడ మీద గీత గీసి, వెలుతురు పై అంచు ఆ గీతకు సుమారు 5 సెంటీమీటర్లు కింద పడేలా స్క్రూ తిప్పాలి. లైటు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, అప్పుడు లెక్క ప్రకారం పై అంచు 90 మీటర్ల దూరంలో రోడ్డును తాకుతుంది. అదే 15 సెంటీమీటర్లు దిగి ఉంటే 30 మీటర్లకే ఆగిపోతుంది, 60 కిలోమీటర్ల వేగంలో ఆ దూరం రెండు సెకన్లు కూడా పట్టదు. వెనుక మనిషి కూర్చుంటే ముందుభాగం లేచి కాంతి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది కాబట్టి, ఇద్దరు ఎక్కే రోజున వెనుక షాకబ్జర్ల గట్టిదనం పెంచుకోవాలి.

ఫోకస్ సరిగానే ఉన్నా మసకగా ఉంటే రిఫ్లెక్టర్ చూడాలి. దాని వెండి పూత నల్లబడితే తుడిచినా రాదు, డూమ్ (రిఫ్లెక్టర్, అద్దం కలిసిన హెడ్‌లైట్ భాగం) మొత్తం మార్చవలసిందే. బయటి ప్లాస్టిక్ మాత్రమే పసుపెక్కితే నీటి కాగితంతో రుద్ది పాలిష్ చేయించవచ్చు. గీతలు పడిన హెల్మెట్ అద్దాన్ని కూడా ఈ సందర్భంలోనే మార్చేయడం మంచిది.

సమస్య: ఎల్‌ఈడీ వేశాక ఎదుటివాళ్లు డిప్పర్ కొడుతున్నారు

హెచ్4 బల్బులో (లో, హై బీముల ఫిలమెంట్లు రెండూ ఒకేదాంట్లో ఉండే హాలోజన్ రకం) లో బీము ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. అది కిందికి పోయే కాంతిని ఆపడం వల్ల రిఫ్లెక్టర్ పై సగం మాత్రమే పని చేసి, వెలుతురును రోడ్డు మీదికే పంపుతుంది. ఎల్‌ఈడీ చిప్పులు ఆ ఫిలమెంటు ఉన్న చోటే లేకపోయినా, బల్బు వంకరగా బిగిసినా ఈ ఏర్పాటు చెదిరి కాంతి పైకి పోతుంది. చిప్పులు సరిగ్గా కుడి ఎడమలకు ఉండేలా బల్బును తిప్పి, గోడ మీద పై అంచు గీతలా పడుతుందో లేదో చూడాలి. ఎంత తిప్పినా అంచు ఏర్పడకపోతే ఆ బల్బు తీసేయడమే న్యాయం, ఎందుకంటే కళ్లు చెదిరిన ఎదుటి మనిషి మన మీదికే రావచ్చు. వానలోనూ, లంబసింగి వంటి చోట్ల పొగమంచులోనూ నీలం ఛాయ ఎక్కువైన 6000 కెల్విన్ల (కాంతి రంగును చెప్పే కొలత) వెలుతురు కంటే 4300 ప్రాంతంలోని కాంతి కంటికి హాయి.

సమస్య: పెద్ద బల్బు వేశాక హోల్డర్ కరిగింది

హెచ్4 బల్బు 60/55 వాట్లది, అంటే హై బీముకు 60, లో బీముకు 55. 100/90 వేస్తే లో బీముకే కరెంటు నాలుగున్నర ఆంపియర్ల నుంచి ఏడున్నరకు పెరిగి, అదే సన్నని వైరు వేడెక్కుతుంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాల్లో ఇంజిన్ నడుస్తున్నంతసేపూ లైటు వెలిగే ఉంటుంది కాబట్టి ఆ వేడి పగలు కూడా తప్పదు. సిరామిక్ హోల్డర్, కంపెనీ చెప్పిన వాట్ల బల్బు వేయాలి. 35/35 వాట్ల హెచ్ఎస్1 బల్బున్న బైకులో మూతి అరగదీసి హెచ్4 ఎక్కించడం అసలు వద్దు. కొత్త బల్బు గాజును వేళ్లతో తాకితే జిడ్డు అంటి త్వరగా మాడిపోతుంది.

సమస్య: అదనపు లైట్లు పెట్టాక బ్యాటరీ దిగిపోతోంది

20 వాట్లవి రెండు పెడితే మూడు ఆంపియర్లకు పైగా భారం. అన్నీ వేసి, ఇంజిన్‌ను మామూలు ప్రయాణ వేగానికి తెచ్చి బ్యాటరీ వద్ద కొలవాలి. 13 వోల్టులకు పైన నిలబడకపోతే ఆ లైట్లను ఛార్జింగ్ మోయలేదని అర్థం, చిన్నవి పెట్టుకోవాలి. వాటిని హై బీముతో కలిపి, డిమ్ చేయగానే ఆరిపోయేలా వైరింగ్ చేయించాలి. రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నమైన మార్పులను మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ అనుమతించదు కనుక, వైర్లు కోసే ముందు ఆ విషయం కూడా ఆర్టీఓ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.