క్యాన్సర్ పరిశోధన సంస్థల పద్దు చదవడం – 3వ పాఠం: వచ్చే ఏడాది కూడా వచ్చే డబ్బు ఏది?

గత పాఠంలో స్థూల ఆదాయానికీ నికర ఆదాయానికీ ఉన్న తేడా చూశాం. ఈ పాఠంలో ఆదాయ పట్టికలోని ఒక్కొక్క పద్దునూ ఒకే ప్రశ్నతో పరీక్షించడం నేర్చుకుందాం: ఈ డబ్బు వచ్చే ఏడాది కూడా వస్తుందని సంస్థ ఎంతవరకు నమ్మవచ్చు? ఒక ప్రయోగశాలకు గ్రాంటు మంజూరు చేశాక అక్కడివారికి సాధారణంగా కొన్నేళ్లపాటు జీతాలు అందుతూ ఉండాలి. విరాళాలను మాత్రం ఏ ఏటికా ఏడు అడిగి తెచ్చుకోవలసిందే. ఈ రెండు గడువుల మధ్య ఉన్న ఎడాన్ని సంస్థ ఎలా పూడుస్తోందో తెలిస్తే దాని పద్దు సగం అర్థమైనట్టే.

మన నమూనా సంస్థ క్యాన్సర్ రీసెర్చ్ యూకే. 1902లో, 1923లో పుట్టిన రెండు బ్రిటిష్ సంస్థలు 2002లో విలీనమై ఇది ఏర్పడింది. దీని పరిశోధన ప్రధానంగా ప్రజలిచ్చే డబ్బు మీదే నడుస్తుంది, అందులోనూ మూడో వంతుకు పైగా వీలునామాల ద్వారా వస్తుంది కాబట్టి ముందుగా ఆ పద్దు దగ్గర ఆగుదాం.

వీలునామాలో సంస్థకు రాసే డబ్బు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, ఇంత అని అంకె వేసి రాసిన మొత్తం. రెండోది, అప్పులూ ఖర్చులూ ఇతరులకు రాసిన మొత్తాలూ పోగా మిగిలిన ఆస్తిలో వాటా. ఒక ఊహాలెక్క చూడండి. ఒక వృద్ధురాలి ఇంటి విలువ 4,00,000 పౌండ్లు. ఆమె మేనకోడలికి 1,00,000 పౌండ్లు, మిగిలినదాంట్లో సగం పరిశోధన సంస్థకు రాసింది. పన్నునూ ఖర్చులనూ పక్కన పెడితే సంస్థకు 1,50,000 రావాలి. కానీ ఇల్లు 3,60,000కే అమ్ముడైంది. మేనకోడలి లక్ష తగ్గదు, సంస్థ వాటా 1,30,000కు పడిపోతుంది. ఇంటి ధర 10 శాతం తగ్గితే సంస్థకు తగ్గింది 13 శాతానికి పైగా. ఇళ్ల ధరలు పడిన కాలంలో ఈ పద్దు ఎందుకు కుంగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. పైగా వాటా వస్తుందని తేలి, దాని విలువ అంచనాకు అందగానే దాన్ని ఆదాయంగా చూపుతారు. ఇల్లు అమ్ముడై డబ్బు బ్యాంకులో పడేసరికి నెలలు గడవవచ్చు. అందువల్ల ఆదాయ పట్టికతో ఆపకుండా, ఆస్తి అప్పుల పట్టీలో 'రావలసిన వీలునామా సొమ్ము' ఎంతుందో కూడా వెతకాలి.

మామూలు విరాళాలకు బ్రిటన్‌లో గిఫ్ట్ ఎయిడ్ తోడవుతుంది. ఆదాయపన్ను కట్టే దాత 10 పౌండ్లు ఇచ్చి, తగిన ప్రకటన మీద సంతకం చేస్తే, సంస్థ ప్రభుత్వం నుంచి మరో 2.50 పౌండ్లు రాబట్టుకుంటుంది. నెలనెలా ఖాతా నుంచి నేరుగా వచ్చే విరాళాన్ని ముందుగా అంచనా వేయడం సులువు కనుక, అది చిన్నదైనా గట్టిది.

విరాళాల కోసం జరిపే పరుగులు, సంస్థ నడిపే దుకాణాలు అలా కావు. 1994లో లండన్‌లోని బ్యాటర్సీ పార్కులో మొదలైన రేస్ ఫర్ లైఫ్ అనే పరుగు ఎంత పేరు తెచ్చుకున్నా, 2020లో కొవిడ్ వల్ల జనం గుమిగూడే కార్యక్రమాలు రద్దై, దుకాణాలు మూతపడగానే ఆ రాబడి ఒక్కసారిగా ఆగింది. ఆ ఏప్రిల్‌లో సంస్థ పరిశోధన నిధుల్లో 4.4 కోట్ల పౌండ్ల కోత ప్రకటించవలసి వచ్చింది. అందుకే సంస్థ ఎంత వసూలు చేసిందన్నదానికంటే ఎంత నిల్వ ఉంచుకుందన్నదే నేను ముందు చూస్తాను. నిల్వ ఎక్కువగా ఉందని దాతలు కోప్పడటం తరచూ వింటాం. ఆ నిల్వ లేకపోతే ఒక యువ పరిశోధకుడి ఏళ్ల శ్రమ సగంలో ఆగిపోతుంది.

ఒక్కసారిగా వెల్లువెత్తిన డబ్బును నిలకడైన రాబడిగా మార్చుకున్నవారూ ఉన్నారు. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాకు అమినోప్టెరిన్ వాడి చూస్తున్న రోజులవి. ఆ మందు మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని, లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధక బృందం నుంచి వచ్చింది. 1948 మే 22న ఒక రేడియో కార్యక్రమం 'జిమ్మీ' అని పిలిచిన చిన్నారి రోగిని శ్రోతలకు పరిచయం చేసి 20,000 డాలర్లు కోరితే, 2,31,000కు పైగా వచ్చాయి. ఆ ఊపు అక్కడితో చల్లారిపోలేదు. అలా పుట్టిన 'జిమ్మీ ఫండ్' నిధికి మొదట తోడున్న బ్రేవ్స్ బేస్‌బాల్ జట్టు బోస్టన్ వదిలి వెళ్లాక, 1953 నుంచి రెడ్ సాక్స్ జట్టు అండగా నిలిచింది.

అభ్యాసం: మీకు నచ్చిన ఒక సంస్థ ఐదేళ్ల నివేదికలు దగ్గర పెట్టుకోండి. వీలునామాలు, నెలవారీ విరాళాలు, కార్యక్రమాలు, దుకాణాల నికర ఆదాయం అని నాలుగు గడులు గీసి, ప్రతి గడిలో గరిష్ఠ, కనిష్ఠ అంకెలు రాయండి. వాటి తేడాలన్నీ కూడి, ఆ మొత్తాన్ని షరతులు లేని నిల్వతో పోల్చండి. నిల్వ అంతకంటే తక్కువగా ఉంటే, నివేదికలో నిల్వల విధానం గురించిన భాగం తెరిచి, సంస్థ దానికి చెప్పిన కారణాన్ని మీ మాటల్లో రాయండి. షరతులున్న నిధులు, మందుల రాయల్టీలు 4వ పాఠంలో.