వేటకు దిగేముందు బోటు అడుగున బొక్కలు చూసుకోండి

జూన్ 14తో వేట నిషేధం ముగుస్తుంది. కృష్ణపట్నం, జువ్వలదిన్నె మొదలుకొని కొత్తపట్నం దాకా వలలు బాగుచేయడం, ఇంజను సర్వీసు, రంగులు వేయడం జోరుగా సాగే రోజులివి. ఇంత హడావుడిలోనూ అడుగున నీళ్లు వచ్చే దారుల్ని మాత్రం చాలామంది పైపైన చూసి వదిలేస్తారు. పెద్ద అల వస్తే అందరికీ కనబడుతుంది. ఇంజను కింద పైపు ఊడి, మనుషులు నిద్రలో ఉండగా నీళ్లు నిండితే ఎవరికీ కనబడదు.

నీటి మట్టానికి అడుగున్నర కింద ఒక అంగుళం బొక్క ఉందనుకోండి. నిమిషానికి సుమారు 50 లీటర్లు లోపలికి వస్తాయి. గంటయ్యేసరికి మూడు టన్నులు. బొక్క రెండంగుళాలైతే వచ్చే నీళ్లు నాలుగింతలు. నీళ్లు తోడే పంపు ఉందిగా అంటారు. పంపు మీద రాసిన సామర్థ్యం పూర్తిగా ఎప్పుడూ రాదు. గొట్టం ఎత్తుకు ఎక్కేకొద్దీ, బ్యాటరీ దిగేకొద్దీ అది తగ్గిపోతుంది. నా మటుకు నాకు పెద్ద పంపు కంటే మంచి వాల్వు మీదే నమ్మకం.

బోటు ఇసుక మీద ఉండగానే చుట్టూ తిరిగి ప్రతి బొక్క పక్కనా సుద్దతో గుర్తు పెట్టండి. ఇంజను చల్లబరిచే నీళ్లు లాగేది, షాఫ్టు బయటికి వచ్చేది, చుక్కాని కడ్డీ దిగేది, పంపు నీళ్లు పోయేది, అడుగు బిరడా. వెనక అంచుకు బయట తగిలించే లాంగ్‌టెయిల్ లేదా ఔట్‌బోర్డు ఇంజను పెట్టుకున్న ఫైబర్ పడవకు వీటిలో చాలావరకు ఉండవు. వాళ్లు బిరడా వాషరు మార్చి, ఇంకో బిరడా దగ్గర పెట్టుకుని, రెండింటినీ తాడుతో కట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

మిగతావాళ్లు వాల్వుల దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. ఇంటి ప్లంబింగ్ షాపులో దొరికే ఇత్తడి గేటు వాల్వు చవక. కానీ మామూలు ఇత్తడిలోని జింకును ఉప్పునీళ్లు తినేస్తాయి. పైకి వాల్వు ఆకారం అలాగే ఉంటుంది, లోపల బలం ఉండదు. చాకు మొనతో గీసి చూడండి. పసుపు పచ్చగా మెరిస్తే పరవాలేదు. రాగిలా ఎర్రగా కనబడితే ఆ వాల్వు పనైపోయింది, బయటపడేయండి. రాగి, తగరం కలిసిన గన్‌మెటల్ బాల్ వాల్వు వేయించుకుంటే పిడి ఎటు ఉందో చూడగానే మూసుందో తెరిచుందో చీకట్లో చేత్తో తడిమి కూడా చెప్పొచ్చు. పిడిని నెలకోసారైనా తిప్పుతుండాలి, లేకపోతే అవసరానికి కదలదు. వాల్వును బోటు అడుగుకు బిగించిన ఫిట్టింగు మీద మోకాలు ఆనించి గట్టిగా నెట్టండి. ఊగితే విప్పి, పాత సీలెంటు గీకేసి కొత్తగా బిగించాలి. నీళ్ల కింద వాడేది పాలీయురిథేన్ రకం మెరైన్ సీలెంటు. బాత్‌రూమ్ సిలికాన్ అక్కడ పనికిరాదు. ఫైబర్ అడుగైతే బొక్క అంచుకు రెజిన్ పూయించండి, లేకపోతే అంచు నీళ్లు తాగుతుంది.

రోహిణి కార్తె ఎండకు రబ్బరు గొట్టాలు పెళుసెక్కుతాయి. ఒడ్డున ఎలుకలు కూడా ఊరుకోవు. వంపు తిరిగిన చోట గొట్టాన్ని పిండి చూడండి, పగుళ్లు అక్కడే బయటపడతాయి. తోటకు నీళ్లు పెట్టే ప్లాస్టిక్ పైపు ఈ పనికి వద్దు. ఫిట్టింగు పొడవు సరిపోయినచోట రెండేసి స్టీలు క్లిప్పులు వేయండి. క్లిప్పుకు, దాని స్క్రూకు అయస్కాంతం గట్టిగా అంటుకుంటే అది తుప్పుపట్టే రకం.

షాఫ్టు బయటికి వచ్చే చోట నీళ్లు రాకుండా ఆపే గ్లాండులో తాడులాంటి ప్యాకింగ్ ఉంటుంది, అది నిషేధం రెండు నెలల్లో ఎండిపోయి ఉంటుంది. పాతదంతా కొక్కెంతో లాగేయాలి. దాని మీదే ఇంకో చుట్టు వేస్తే లాభం లేదు. కొత్తది పొడుగ్గా తాడులా చుట్టకుండా విడివిడి రింగులుగా కోసి, అతుకులు ఒకదాని కింద ఒకటి రాకుండా పెట్టించండి. మామూలు ప్యాకింగ్‌కు షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు పడటం మంచిదే. చుక్క కూడా పడకూడదని బిగించేస్తే షాఫ్టు అరుగుతుంది. అరగంట నడిపాక గ్లాండు మీద చెయ్యి పెట్టండి. కాలితే నట్లు రెండూ సమానంగా కాస్త వదలాలి.

పంపు గొట్టం బయటికొచ్చే బొక్క ఎత్తులోనే ఉందని అనుకుంటాం. వలలు, ఐసు, చేపలు ఎక్కాక బోటు దిగుతుంది, ఆ బొక్కా దిగుతుంది. డబ్బాలోంచి కిరోసిన్ పైపుతో లాగినట్టు సముద్రం పంపు గుండానే లోపలికి వస్తుంది. వాగులో కట్టేసిన బోటు వానకు బరువెక్కి మునగడంలోనూ తరచూ ఇదే జరుగుతుంది. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి కనుక ఈ పని ఇప్పుడే చేయండి. గొట్టాన్ని ముందు బాగా పైకెత్తి వంచి, తర్వాత బయటికి దించాలి. ఆ వంపు పైన గాలి పోయే చిన్న ఏర్పాటు ఉండాలి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వులో చేప పొలుసు ఇరుక్కుంటే అది మూసుకోదు, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

ప్రతి ఫిట్టింగు పక్కనా దానికి సరిపడే మెత్తటి కట్టె బిరడా, కొన సన్నగా చెక్కించి, తాడుతో కట్టి ఉంచండి. ఏ వాల్వు ఎక్కడుందో బోటు నడిపే సరంగుకే కాదు, కొత్తగా ఎక్కిన కుర్రాడికీ తెలియాలి. అడుగున నీళ్లు కనబడితే "ఐసు కరిగిన నీళ్లేలే అన్నా" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట విని కూర్చోవద్దు. ఒకసారి తోడేసి పది నిమిషాలాగి మళ్లీ చూడండి. అంతలోనే పెరిగితే ముందు లైఫ్ జాకెట్లు వేసుకుని, ఇంజను ఆపి, వాల్వులన్నీ మూసి, అప్పుడు ఎక్కడినుంచో వెతకండి. నీళ్లు ఆగకపోతే బ్యాటరీ తడవకముందే వీహెచ్‌ఎఫ్ రేడియో ఛానెల్ 16లో పిలవండి. ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డు 1554, మెరైన్ పోలీసు 1093.

దింపే ముందు రోజు ఒక పని చేయండి. ఇసుక మీదున్న బోటులోనే ఫిట్టింగులు మునిగేంత నీళ్లు పోసి, బయటినుంచి ఎక్కడ చెమ్మ దిగుతుందో చూడండి. చెక్క బోటైతే ఎండకు పలకల సందులు విచ్చుకుని ఉంటాయి, దింపాక ఒక రాత్రి లోతు తక్కువున్న చోటే ఉంచి ఎవరో ఒకరు కాపలా ఉండాలి. వాగు ఉన్న ఊళ్లలో, అది సముద్రంలో కలిసే మొగ దాటకముందే అడుగు పలకలు తీసి అరగంట ఇంజను నడపండి. కొత్తపట్నంలా నేరుగా అలల్లోకి దింపేచోట ఆ అవకాశం ఉండదు, అక్కడ ఇసుక మీద చేసే పరీక్షే దిక్కు.