పార్టులు మార్చాక ఫ్లష్ ట్యాంకు తనంతట తానే నిండుతోందా?

కొత్త ఫిల్ వాల్వు (ట్యాంకులోకి నీళ్లు వదిలేది), కొత్త ఫ్లాపర్ (ట్యాంకు అడుగున రంధ్రాన్ని మూసే రబ్బరు మూత) బిగించారు. అయినా ఎవరూ ఫ్లష్ చేయకుండానే కాసేపటికోసారి ట్యాంకు బుస్సుమని నిండి ఆగుతోంది. వెంటనే ఇంకో ఫ్లాపర్ కొనకండి. ముందు మూత తీసి నీళ్లు ఎందాకా ఉన్నాయో చూడండి. ఓవర్‌ఫ్లో గొట్టం (ఎక్కువైన నీళ్లను కమోడ్‌లోకి వదిలే నిలువు గొట్టం) అంచుకు దాదాపు 2.5 సెం.మీ. కింద ఆగాలి. అంచు దాటి గొట్టంలోకి పోతుంటే ఫ్లోట్ (నీళ్లతో పాటు లేచి వాల్వును మూసే తేలే భాగం) దించండి, చాలాసార్లు అక్కడితో పని అయిపోతుంది. కళ్లముందున్న ఈ ఒక్కటి చూడకుండా ట్యాంకు మొత్తం విప్పేసేవాళ్లే ఎక్కువ.

మట్టం సరిగానే ఉందా? అయితే ట్యాంకు నిండాక యాంగిల్ కాక్ (ట్యాంకుకు నీళ్లొచ్చే గోడ కుళాయి) కట్టేసి, నీళ్లు ఉన్నచోట లోపలి గోడ మీద పెన్సిల్‌తో గీత గీయండి. గంటసేపు ఎవరూ ముట్టుకోకూడదు.

నీళ్లు గీత దగ్గరే ఉంటే కారేది ట్యాంకు కాదు, ఫిల్ వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. దాని సంగతి కింద ఉంది.

ఫ్లాపర్ దాకా దిగిపోతే తప్పు ఫ్లాపర్ దగ్గరే. గొలుసు 1 సెం.మీ. వదులుగా ఉండాలి. మిగిలిన తోక ఫ్లాపర్ కింద ఇరుక్కుంటోందేమో చూసి కత్తిరించండి. ఫ్లాపర్ కూర్చునే అంచును వేలితో తడిమితే గరుకు తగులుతుందా? గార తుడవండి. 3 అంగుళాల రంధ్రానికి 2 అంగుళాల ఫ్లాపర్ తెచ్చారేమో కూడా చూసుకోండి.

కొంత దిగి మధ్యలో ఆగిపోయిందంటే, అసలు దొంగ దొరికినట్టే: రీఫిల్ ట్యూబు. ఫిల్ వాల్వు నుంచి ఓవర్‌ఫ్లో గొట్టానికి వెళ్లే ఆ సన్నటి రబ్బరు పైపు పొడవుగా వస్తుంది. ఊడిపోకుండా ఉండాలని దాన్ని గొట్టంలోకి జానెడు దూర్చేస్తారు. దాంతో పైపు కొస ట్యాంకు నీటి మట్టం కంటే కిందికి పోతుంది. వాల్వు మూసుకున్నా పైపు నిండా నీళ్లుంటాయి కాబట్టి సైఫన్ మొదలవుతుంది. ట్యాంకు నీళ్లు వాల్వు గుండా వెనక్కి వచ్చి, పైపులోంచి కమోడ్‌లోకి జారిపోతుంటాయి. మట్టం తగ్గగానే ఫ్లోట్ దిగుతుంది, వాల్వు తెరుచుకుంటుంది, ట్యాంకు నిండుతుంది, సైఫన్ మళ్లీ మొదలు. కాక్ కట్టేసినప్పుడు నీళ్లు దాదాపు పైపు కొస ఎత్తుకు వచ్చి ఆగడానికి కారణం ఇదే.

ఇది రంగు పరీక్షనూ మోసం చేస్తుంది. ట్యాంకులో రంగు కలిపితే ఈ దారిలోనూ కమోడ్‌లోకి వస్తుంది. అది చూసి ఫ్లాపర్ కారుతోందనుకుని మూడోది కొంటారు. రంగును నమ్మకుండా, పైపును ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి బయటికి లాగి కొస నీళ్లకు పైన ఉండేలా పెట్టి, కాక్ తెరిచి గంట చూడండి. మధ్యలో నిండడం ఆగిపోతే తేలిపోయినట్టే.

పైపును కత్తిరించి, వాల్వుతో పాటు వచ్చిన క్లిప్పుకు తగిలించి, క్లిప్పును ఓవర్‌ఫ్లో గొట్టం అంచుకు పెట్టండి. పైపు కొస అంచుకు పైనే ఉండి, ధార లోపలికి పడాలి. మరీ పొట్టిగా కోస్తే వంపు దగ్గర నలిగిపోతుంది. గొడవ వదిలిందని పైపును పూర్తిగా తీసేయకండి. ఫ్లష్ తర్వాత కమోడ్‌లో నీళ్లు నింపేది అదే. అవి తగ్గితే వాసన పైకి వస్తుంది. నీళ్లు మధ్యలో ఆగడానికి ఓవర్‌ఫ్లో గొట్టం పగులు కూడా కారణం కావచ్చు, కానీ అరుదు.

ఇక కొత్త ఫిల్ వాల్వు మూసుకోకపోయినా, సన్నగా నింపినా చాలావరకు చెత్తే. పని చేసేటప్పుడు లైనులో కదిలిన తుప్పు, ఇసుక వాల్వు సీలు కింద చేరుతాయి. కాక్ కట్టి, వాల్వు పైమూత తిప్పి తీసి, వాల్వు మీద గ్లాసు బోర్లించి పట్టుకుని కాక్‌ను 10 సెకన్లు తెరవండి. గ్లాసు లేకపోతే నీళ్లు పైకప్పుకు కొడతాయి.

ట్యాంకు కింద తడి ఉంటే బోల్టుల రబ్బరు వాషర్లు చూడండి. అవి ట్యాంకు లోపల, బోల్టు తల కిందే ఉండాలి. నట్లు ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించండి, లేకపోతే పింగాణీ పగులుతుంది. కనెక్షన్ పైపు నట్టు దగ్గర కారితే లోపలి వాషర్ వంకరగా కూర్చుంది. టేపు చుట్టి లాభం లేదు, తీసి సరిచేయండి.