పెద్ద రోడ్ గేమ్ ముందు వారం ఎలా గడపాలి

అమెరికాలో కాలేజ్ ఫుట్‌బాల్ సీజన్‌లో ఆదివారం మధ్యాహ్నం ఏపీ పోల్, అంటే జర్నలిస్టులు ఓటేసి టీమ్‌లకిచ్చే ర్యాంకుల లిస్ట్, వచ్చి మన ర్యాంకూ, శనివారం ఆడబోయే వాళ్ళ ర్యాంకూ పక్కపక్కన కనబడ్డాయంటే ఇక మొదలు. సోమవారం మీటింగ్‌లో ఉన్నా ల్యాబ్‌లో ఉన్నా బుర్రంతా ఆ గ్రౌండ్ మీదే. హోమ్ గేమ్ ముందు కూడా టెన్షన్ ఉంటుంది గానీ అప్పుడు మన గొంతు మనవాళ్ళకి ఎంతో కొంత పనికొస్తుందని ధైర్యం, రోడ్ గేమ్‌లో, అంటే అవతలివాళ్ళ గ్రౌండ్‌లో ఆడేదాంట్లో, ఆ లక్షమంది గొంతూ మన కుర్రాళ్ళ మీదే పడుతుంది, మనం ఎక్కడో దూరంగా కూర్చుని చూస్తూ ఉండాలి. ఎంఎస్‌కి వచ్చి మొదటి ఫాల్‌లో స్టూడెంట్ సెక్షన్‌లో ఒక మ్యాచ్ చూసి, డిగ్రీ అయిపోయినా ఆ టీమ్‌ని వదల్లేకపోయిన వాళ్ళం చాలామందిమే ఉన్నాం, వాళ్ళకోసం రాస్తున్నా ఇది. టెన్షన్ మొత్తం పోవాలని నేనైతే కోరుకోను, అంత ఇష్టం ఉంది కాబట్టే అంత దడ. ఏదో అయిపోతుందేమో అని ఊరికే భయపడుతూ ఉంటే నిద్ర పట్టదు, ఫలానా దానికి భయపడుతున్నా అని తెలిస్తే దాన్నే గమనిస్తూ కూర్చోవచ్చు, తేడా అంతా అక్కడే ఉంది.

అందుకే సోమ, మంగళవారాల్లో చేయాల్సిన పని, సౌండ్ ఏం చేస్తుందో అర్థం చేసుకోవడం. మిషిగన్ స్టేడియంలో 107,601 సీట్లు, ఒహాయో స్టేట్‌లో 102,780, బ్యాటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) టైగర్ స్టేడియంలో 102,321. అలాగని సైజే అంతా అనుకోకండి, యూజీన్‌లో ఆరెగన్ వాళ్ళ ఆట్జెన్ స్టేడియం 54,000 సీట్లదే, అక్కడికెళ్ళిన టీమ్‌లని అడిగితే చెవులు గింగుర్లెత్తాయంటారు. ఇంత గోలలో, ఆటని నడిపించే క్వార్టర్‌బ్యాక్ స్నాప్ (బంతి వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం) ఎప్పుడో చెప్తూ అరిచే స్నాప్ కౌంట్, లైన్ అంచున నిలబడి అతన్ని కాపాడే టాకిల్‌కి వినపడదు, వాడు పక్కకి తల తిప్పి బంతి కదిలిందా లేదా అని చూసుకోవాలి, ఈలోపు ఎదురుగా ఉన్న అవతలి టీమ్ డిఫెన్సివ్ ఎండ్ వాడికంటే ముందు కదిలిపోతాడు. దానికి భయపడి టాకిల్ తొందరపడితే ఫాల్స్ స్టార్ట్ (స్నాప్ కంటే ముందే కదిలిన తప్పు), అయిదు గజాలు వెనక్కి, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు వెళ్ళాల్సిన ఆటలో థర్డ్ అండ్ 5 (మూడో ప్రయత్నం, ఇంకా అయిదు గజాలు) కాస్తా థర్డ్ అండ్ 10 అయిపోతుంది, గోల ఇంకా పెరుగుతుంది. అందుకే రోడ్ మీద సైలెంట్ కౌంట్ వాడతారు, బంతి అందించే సెంటర్‌ని పక్కనున్న గార్డ్ తట్టడం, సెంటర్ తల ఊపి ఒక లెక్క ప్రకారం బంతి వదలడం, ఇలాంటివి. ఆ లెక్క ఎప్పుడూ ఒకేలా ఉంటే అవతలి డిఫెన్స్ పట్టేస్తుంది. 2024 నుంచి పెద్ద డివిజన్‌లో కోచ్ మాట వినడానికి హెల్మెట్‌లో రేడియో వచ్చింది కదా, గ్రౌండ్ మీద టీమ్‌కి ఒక్కడికే, హెల్మెట్ వెనక ఆకుపచ్చ చుక్క ఉన్నవాడికి, అదీ ప్లే క్లాక్ (ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు) 15 సెకన్లకి రాగానే కట్ అయిపోతుంది, ఆ తర్వాత చేతి సైగలే దిక్కు.

ఇది తెలిశాక ఒక సాయంత్రం కూర్చుని ఈ సీజన్‌లో మనవాళ్ళు బయట ఆడిన మ్యాచ్‌ల ప్లే బై ప్లే తీసి, స్నాప్‌కి ముందు పడ్డ పెనాల్టీలు ఎన్నో, వృథా అయిన టైమౌట్లు ఎన్నో చూడండి. తక్కువున్నాయా, నిజంగానే కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. ఎక్కువున్నాయా, శనివారం ఏం చూడాలో ముందే తెలిసింది. రెండిట్లో ఏదైనా సరే, ప్రిడిక్షన్ వీడియోలు పది చూసినదానికంటే మేలు.

బుధవారం నుంచి వార్తలు తగ్గించండి. మనకి నిజంగా కావాల్సింది ఎవరు ఆడుతున్నారు, ఎవరు ఆడట్లేదు అన్నదే, దానికి ఇప్పుడు టైమ్ ఉంది. ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్‌లో (కాలేజ్ టీమ్‌ల లీగ్) కాన్ఫరెన్స్ గేమ్‌లకి 2024 నుంచి అవైలబిలిటీ రిపోర్ట్, అంటే ఎవరు ఆడగలరో చెప్పే లిస్ట్, బుధవారం నుంచే మొదలవుతుంది, ఇంకో కాన్ఫరెన్స్ బిగ్ టెన్‌లో 2023లో మొదలుపెట్టినప్పుడు కికాఫ్‌కి (ఆట మొదలయ్యేదానికి) రెండు గంటల ముందు అన్నారు. ఆ టైమ్‌కి ఫోన్ చూడండి, మధ్యలో ప్రాక్టీస్‌లో ఎవరో కుంటుతూ కనిపించాడట అని రాసేవాళ్ళ జోలికి పోవద్దు. బెట్టింగ్ లైన్ (ఎవరు ఎన్ని పాయింట్లతో గెలుస్తారన్న పందెంవాళ్ళ అంచనా) చూసి కంగారుపడేవాళ్ళకి ఒక మాట, హోమ్ గ్రౌండ్‌కి మామూలుగా మూడు పాయింట్ల దాకా లెక్కేస్తారని చాలా కాలంగా ఉన్న మాట, కాబట్టి బయట ఆడుతూ మనం మూడు పాయింట్ల అండర్‌డాగ్ (మూడు పాయింట్లతో ఓడతామన్న అంచనా) అయితే రెండు టీములూ దాదాపు సమానం అన్నట్టే. సొంత టీమ్ మీద డబ్బు మాత్రం పెట్టకండి, ఉన్న టెన్షన్ చాలు.

వెళ్ళేవాళ్ళకి. కికాఫ్ టైమ్ టీవీవాళ్ళు చాలాసార్లు 12 రోజుల ముందు చెప్తారు, ఒక్కోసారి ఆరు రోజుల ముందే తేలుతుంది, కాబట్టి శనివారం రాత్రికి రిటర్న్ ఫ్లైట్ బుక్ చేయకండి, నైట్ గేమ్ పడితే అయిపోయారు. టికెట్ విజిటర్స్ సెక్షన్‌లోనే తీసుకోండి, అది ఎక్కువగా పైన ఏదో మూలకి ఉంటుంది, వ్యూ అంత గొప్పగా ఉండదు, అయినా చుట్టూ మన రంగు చొక్కాలు ఉంటే నాలుగో క్వార్టర్‌లో ఆ ధైర్యమే వేరు. చాలా స్టేడియాల్లో క్లియర్ బ్యాగ్ మాత్రమే రానిస్తారు, సైజు ఎంతో, బయటికెళ్తే మళ్ళీ లోపలికి రానిస్తారో లేదో వాళ్ళ సైట్‌లో ముందే చూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, గేట్లు తెరవగానే వెళ్ళి కూర్చోండి. ఖాళీ సీట్లు, వార్మప్ చేస్తున్న కికర్, ఎండ్ జోన్ ఎక్కడుంది, గాలి ఎటు, ఇవన్నీ కళ్ళతో చూస్తే వారం రోజులు ఊహించుకున్న గ్రౌండ్ మామూలు గ్రౌండ్ అయిపోతుంది, తర్వాత జనం నిండినా అంత గాభరా ఉండదు. టెయిల్‌గేట్ (మ్యాచ్ ముందు పార్కింగ్‌లో చేసుకునే విందు) దగ్గర అవతలి ఫ్యాన్స్‌తో మర్యాదగా మాట్లాడండి, చాలామంది మంచివాళ్ళే, పిలిచి ప్లేట్ చేతిలో పెడతారు. ఐవా యూనివర్సిటీ గ్రౌండ్‌కి వెళ్తే మాత్రం మొదటి క్వార్టర్ అయిపోగానే సీట్లో ఉండండి, 2017 నుంచి స్టేడియం మొత్తం పక్కనున్న పిల్లల హాస్పిటల్ కిటికీల వైపు తిరిగి చేతులు ఊపుతుంది, విజిటర్స్ కూడా ఊపుతారు, ఆ ఒక్క నిమిషం స్కోరు ఎవరికీ గుర్తుండదు.

ఇంట్లో చూసేవాళ్ళకి నైట్ గేమే అసలు పరీక్ష, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గడవదు. పొద్దున గేమ్‌డే షో పెట్టండి తప్పులేదు గానీ అది అయ్యాక టీవీ కట్టేసి బట్టలో, గ్యారేజో, నడకో, చేతులకి పని చెప్పండి. ఇండియాకి కాల్ చేసేది ఉంటే ముందే చేసేయండి, అమ్మ థర్డ్ డౌన్ మీద ఫోన్ చేస్తే విసుక్కుని తర్వాత బాధపడాల్సి వస్తుంది. స్ట్రీమింగ్‌లో చూస్తుంటే గ్రూప్ చాట్ మ్యూట్ చేయండి, స్ట్రీమ్ కేబుల్ కంటే వెనక నడుస్తుంది, మన స్క్రీన్ మీద ఇంకా స్నాప్ కూడా అవకముందే ఎవడో "అయ్యో" అని పెడతాడు, ఆ కొన్ని సెకన్లు నరకం. ఎవరితో చూడాలో కూడా ఆలోచించుకోండి, మొదటి పంట్‌కే (బంతిని తన్ని అవతలివాళ్ళకి ఇచ్చేయడం) కోచ్‌ని తీసేయాలి అనేవాళ్ళని ఆ రోజు పిలవొద్దు, ఇంకో మ్యాచ్‌కి పిలుచుకోవచ్చు.

మొదటి క్వార్టర్ చూసి ఏదీ తేల్చేయకండి. చాలామంది కోచ్‌లు మొదటి పదిహేను ప్లేల దాకా ముందే రాసుకొస్తారు, అసలు ఆట ఆ తర్వాత తెలుస్తుంది. మనవాళ్ళ మొదటి డ్రైవ్‌లో ఒక్క ఫస్ట్ డౌన్ (పది గజాలు దాటి మళ్ళీ నాలుగు ప్రయత్నాలు) వచ్చిందా, ఫాల్స్ స్టార్ట్ లేకుండా గడిచిందా, అంతవరకే చూడండి. ఇంకొకటి, చెవులు స్టాండ్స్ వైపు పెట్టండి. గోల తగ్గుతోందంటే మన ఆఫెన్స్ పని చేస్తోందని అర్థం, లక్షమంది చప్పుడు లేకుండా కూర్చుంటే వినడంలో ఉన్న ఆనందం ఇంకే హోమ్ గేమ్ ఇవ్వదు. అదే పూర్తిగా అటు తిరిగితే ఏమవుతుందో 1988 అక్టోబర్ 8న ఆబర్న్ టీమ్‌కి తెలిసింది, బ్యాటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ మీద 6-0 లీడ్‌తో చివరి రెండు నిమిషాల దాకా వచ్చి ఫోర్త్ డౌన్ మీద టచ్‌డౌన్ ఇచ్చి 7-6తో ఓడిపోయారు, ఆ కేరింతలు క్యాంపస్‌లో భూకంపాలు కొలిచే సీస్మోగ్రాఫ్‌లో రికార్డయ్యాయి.

ఓడిపోతే ఏంటి అన్నది శుక్రవారం రాత్రే ఒకసారి ఆలోచించి పెట్టుకోండి. 2024 నుంచి టైటిల్ తేల్చే ప్లేఆఫ్ 12 టీములది, ఒక్క రోడ్ లాస్‌తో సీజన్ పోదు. ఆ ఏడాది అక్టోబర్ 12న ఒహాయో స్టేట్ యూజీన్‌లో ఆరెగన్ చేతిలో 32-31తో ఓడింది, తర్వాత జనవరి 1న ప్లేఆఫ్‌లో అదే ఆరెగన్‌ని రోజ్ బౌల్‌లో 41-21తో కొట్టి చివరికి టైటిల్ కూడా ఎత్తుకుపోయింది. చిన్న టీమ్ ఫ్యాన్స్ అయితే 2007లో యాన్ ఆర్బర్‌లో అపలేచియన్ స్టేట్ 34-32తో మిషిగన్‌ని ఓడించిన మ్యాచ్ చివరి రెండు నిమిషాలు చూసి పడుకోండి.

ఓవర్‌టైమ్ రూల్స్ కూడా చూసి ఉంచుకోండి, అప్పటికప్పుడు వెతుక్కుంటూ కంగారుపడతారు. ఒక్కో టీమ్‌కి 25 గజాల లైన్ నుంచి ఒక్కో ఛాన్స్, రెండో ఓవర్‌టైమ్ నుంచి టచ్‌డౌన్ కొడితే ఒక పాయింట్ కిక్ కాకుండా టూ పాయింట్ ప్లేకే వెళ్ళాలి, మూడోదాంట్నుంచి ఒట్టి టూ పాయింట్ ప్లేలే. ఓవర్‌టైమ్ టాస్ పిలిచేది విజిటింగ్ కెప్టెనే, అంటే మనవాడే. ఇంకా, ట్రాఫిక్ తప్పించుకుందామని ముందే లేవకండి. 2015లో అదే యాన్ ఆర్బర్‌లో పది సెకన్లు ఉన్నాయనగా మిషిగన్ 23-21 లీడ్‌లో పంట్‌కి దిగింది, పంటర్ స్నాప్ జారవిడిచాడు, మిషిగన్ స్టేట్ కుర్రాడు బంతి అందుకుని ఎండ్ జోన్ దాకా పరిగెత్తాడు, 27-23. అప్పటికే లేచి పార్కింగ్ దారి పట్టిన గ్రీన్ చొక్కా మిషిగన్ స్టేట్ ఫ్యాన్ ఎవరైనా ఉంటే, వాళ్ళు అది మిస్ అయినట్టే.