కేపర్స్ వేసినా చేప ఉప్పుకషాయం కాకుండా

మా ఆడపడుచు కువైట్ నుంచి కేపర్స్ సీసా తెచ్చింది. మన ఆదొండ జాతి మొక్క మొగ్గలే అవి, ఉప్పునీళ్లలో ఊరబెడతారు. మొదటిసారి సీసాలోంచి తీసి నేరుగా వేసేశాను. కళింగపట్నం నుంచి తెప్పించిన మంచి వంజరం ముక్కలు ఉప్పుకషాయం అయిపోయాయి, ప్రాణం ఉసూరుమంది.

ఇప్పుడు రెండు చెంచాల కేపర్స్‌ని గ్లాసుడు నీళ్లలో పావుగంట నానబెడుతున్నాను, మధ్యలో ఒకసారి నీళ్లు మారుస్తాను. తర్వాత నీళ్లు పిండేసి, గుడ్డతో తడి అద్దాలి. తడి ఉంటే నూనె చిటపటలాడి మీద పడుతుంది. అరకిలో చేపకి పసుపు, కారం, మిరియాల పొడి చాలు, ఉప్పు అసలు వద్దు. ముక్కలు వేగాక తీసేసి, అదే మూకుడులో చెంచా నూనెతో కేపర్స్ ఒక్క నిమిషం వేయించి పొయ్యి కట్టేయండి. అప్పుడు గుప్పెడు కొత్తిమీర తరుగు, పది పుదీనా ఆకులు, అరచెక్క నిమ్మరసం కలిపి ముక్కల మీద వేయండి. పొయ్యి మీదుండగా ఆకులు వేస్తే వాసన పోతుంది.

పొడి ఉప్పులో నిల్వ చేసిన రకమైతే పావుగంట సరిపోదు. గంటసేపు నానబెట్టి, ఒకటి నోట్లో వేసుకుని చూశాకే వాడండి.