కంప్యూటర్ మనమే బిగించుకుందాం – 4వ పాఠం: ఎస్‌ఎంపీఎస్ ఎంచుకోవడం

పోయిన పాఠంలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఖరారు చేసుకున్నాం. రైజెన్ 5 5600, ఆర్‌టీఎక్స్ 3060. ఇక వాటికి కరెంటు పెట్టే ఎస్‌ఎంపీఎస్ సంగతి. బడ్జెట్ దాటిపోతే చాలామంది ముందు కోత పెట్టేది దీనికే. దయచేసి ఆ పని చేయకండి.

ముందు లేబుల్ చదవడం. నా పాత క్యాబినెట్‌తో పాటే వచ్చిన ఎస్‌ఎంపీఎస్ ఇప్పుడు బల్ల మీద ఉంది. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్స్ అని ఉంది. కింద చిన్న పట్టికలో 3.3, 5, 12 వోల్టుల గడులు. 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు అని రాసుంది. 12ని 16తో గుణిస్తే 192 వాట్లే! ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఆధారపడేది ప్రధానంగా ఈ 12 వోల్టుల మీదే. అప్పట్లో గేమ్ మొదలుపెట్టగానే సిస్టమ్ రీస్టార్ట్ అయిపోయేది. ర్యామ్ తీసి తుడిచి పెట్టాను, విండోస్ మళ్ళీ ఎక్కించాను. ఈ గడి చూడాలని మాత్రం రెండు వారాల దాకా తట్టలేదు.

మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో అదే గడిలో 45 ఆంపియర్ల దాకా ఉంటుంది. అంటే 540 వాట్లు. 12 వోల్టుల గడులు రెండుంటే ఆంపియర్లు కూడకండి, వాటి కింద కలిపి ఇచ్చిన వాట్లు చూడండి.

ఇప్పుడు మన లెక్క. ప్రాసెసర్ మహా అయితే 76 వాట్లు, కార్డు 170. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఓ 50 వేసుకోండి. మొత్తం 296. అలాగని 300 వాట్లది తెస్తే కుదరదు, గ్రాఫిక్స్ కార్డు క్షణకాలం తన లెక్కకు మించి లాగుతుంది. ఎన్విడియా ఈ కార్డుకు 550 చెబుతోంది, నేనూ అదే చెబుతాను.

ఎస్‌ఎంపీఎస్ మీద కనిపించే 80 ప్లస్ బ్రాంజ్ అనే ముద్ర అంటే రాసిన వాట్లలో 80 శాతమే ఇస్తుందని కొందరు పొరబడతారు. అది పొదుపు లెక్క, గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం లోపలి భాగాలకు చేరుతుందో చెబుతుంది. 300 వాట్లు ఇవ్వడానికి 85 శాతం సామర్థ్యమున్నది గోడ ప్లగ్గు నుంచి 353 వాట్లు తీసుకుంటుంది. మిగిలిన 53 వేడిగా పోతాయి.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? చాలాసార్లు అది ఎర్తింగ్ లేకపోవడం వల్లే. లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి బాడీకి వచ్చే కొద్దిపాటి కరెంటుకు భూమిలోకి దారి ఉండదు. ఎస్‌ఎంపీఎస్ మార్చినా అది పోదు, ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

ఈ వారం పని: ప్లగ్గు పీకి, క్యాబినెట్ పక్క తలుపు తీసి, మీ ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టుల గడి చదివి గుణించండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

వచ్చే పాఠంలో 24 పిన్నుల కేబుల్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటీ బిగిద్దాం.