కోటిపల్లి దారిలో సైకిలెక్కే ముందు

కాకినాడ–కోటిపల్లి రైలుమార్గం సుమారు 45 కిలోమీటర్లు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు తీసేసిన ఈ దారిలో 2004లో మళ్ళీ రైలు నడిచింది. దాని పొడవునా ఊళ్ళ మీదుగా సైకిల్ తొక్కితే గోదావరి డెల్టా మొత్తం కళ్ళ ముందే పరుచుకుంటుంది.

• పట్టాల మీద, వంతెనల మీద నడవడం, సైకిల్ నడిపించడం వద్దు. రైళ్ళు తక్కువని ధీమా పడకండి. పట్టాలెక్కి నడవడం నేరం కూడా. గేటు ఉన్నచోటే దాటండి.

• కాలువగట్టు అన్నిటికన్నా అందమైన దారి, అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ అదే. వాన పడితే జిగట మట్టి చక్రాలకు పట్టేసి సైకిల్ నీళ్ళవైపు జారుతుంది. అప్పుడు దిగి, నీటికి దూరంగా ఉన్న అంచున నడిపించుకుంటూ వెళ్ళండి. కోతల రోజుల్లో రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. అది రైతు ఏడాది కష్టం, దయచేసి తొక్కకండి.

• తుమ్మముళ్ళు ఎక్కువ. అదనపు ట్యూబు, గాలిపంపు తప్పనిసరి.

• ద్రాక్షారామం భీమేశ్వరాలయం పంచారామాల్లో ఒకటి. మధ్యాహ్నం తలుపులు వేస్తారు కనుక ఉదయమే చేరుకోండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు ఒక జత సంచిలో ఉంచుకోండి.

• కోటిపల్లి రేవులో గోదావరి పాయ గౌతమిని దాటి అవతలి ఒడ్డున ఉన్న ముక్తేశ్వరం వెళ్ళాలనుకుంటే, పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఆ రోజు నడుస్తోందా, చివరి పంటు ఎప్పుడు అన్నది ముందే అడగండి. వరద రోజుల్లో ఆ ఆలోచనే మానుకోండి.

• నీళ్ళు, టోపీ, వెనక ఎర్రదీపం.